అడ్వాన్సు కంటే ముందు ధరల కాగితం

హనుమంతునిపాడు మండలంలో ఒక కుటుంబం కొత్త మోటారుసైకిలు కొనాలనుకుంటే కనిగిరి వెళ్లాలి. లేదంటే పొదిలి, మార్కాపురం. కారో ట్రాక్టరో అయితే ఒంగోలు దాకా వెళ్లి నాలుగు షోరూములు తిరిగి వచ్చేవాళ్లూ ఉన్నారు. వానను నమ్ముకుని సేద్యం చేసే ఈ మెట్ట ప్రాంతంలో బండి విలాసం కాదు. పాలు కేంద్రానికి చేరాలన్నా, పిల్లలు కాలేజీకి పోవాలన్నా, కూలి పనికి పక్క మండలానికి వెళ్లాలన్నా బండే దిక్కు. కందులో మిరపకాయలో అమ్మిన డబ్బు, హైదరాబాదుకో బెంగళూరుకో పనికి పోయిన కొడుకు పంపిన డబ్బు, పైన కొంత ఫైనాన్సు కలిస్తే గాని అది వాకిట్లోకి రాదు. ఇంత కష్టం మీద చేసే కొనుగోలు షోరూములో రెండే ప్రశ్నల మీద నడిచిపోతోంది. ‘ఆన్‌రోడ్ ఎంత పడుద్ది?’ అన్నది మొదటిది. ‘నెలకెంత కట్టాలి?’ అన్నది రెండోది. రెండింటికీ ఒక్కో అంకె జవాబుగా వస్తుంది. ఆ అంకె లోపల ఏమేం ఉన్నాయో అడిగేవాళ్లు తక్కువ, అడగకుండానే చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. బేరం వచ్చినవాడికి ఒక ధర, రానివాడికి ఒక ధర పడటం సహజమేనని మనం సర్దుకుపోయాం. సర్దుకుపోవలసిన విషయం కాదిది. ధరలోని ప్రతి పద్దూ విడివిడిగా రాసిన తెలుగు కాగితం అడ్వాన్సు కట్టకముందే చేతికి రావడం కొనేవాడి హక్కు కావాలి. ఆ హక్కును ప్రభుత్వం రూలుగా పెట్టాలి. ఆ కాగితం లేనంతకాలం మనం చేసేది బేరం అనిపించుకోదు.

ఆన్‌రోడ్ ధర అని మనం ఒక్క మాటలో చెప్పేసేదాంట్లో మూడు రకాల డబ్బు కలిసి ఉంటుంది. మొదటిది ఎక్స్‌షోరూం ధర. కంపెనీ ధర, జీఎస్టీ, డీలరు లాభం అన్నీ అందులోనే ఉంటాయి. రెండోది సర్కారుకు పోయేది. లైఫ్ ట్యాక్సు రాష్ట్రం నిర్ణయించిన శాతం ప్రకారం పడుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది: మోటారుసైకిలుకు 300 రూపాయలు, సొంత కారుకు 600. అప్పు మీద కొంటే ఆ సంగతి ఆర్‌సీలో ఎక్కించడానికి మోటారుసైకిలుకు 500, కారుకు 1,500. వీటి మీద రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు కొంత. ఈ భాగంలో బేరం లేదు, ఉండకూడదు కూడా. కట్టిన ప్రతి రూపాయికీ ప్రభుత్వ రసీదు వస్తుంది. మూడోది డీలరు చేర్చే సరుకు. బీమా, యాక్సెసరీలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ, పూత పనులు, ఇవికాక ‘హ్యాండ్లింగ్’, ‘లాజిస్టిక్స్’, ‘ఫైల్ చార్జీలు’ అనే పేర్లతో కనిపించేవి. మొదటి భాగంలో డిస్కౌంటు ఇచ్చానని చెప్పి మూడో భాగంలో దాన్ని తిరిగి లాక్కోవడం చాలా తేలిక. మొత్తం ఒకే అంకెగా చెప్పినప్పుడు ఆ సంగతి కొనేవాడికి తెలిసే దారే లేదు.

మోటారుసైకిలు కొటేషన్‌లో అడుగున ఉండే చిన్న పద్దులను దగ్గరగా చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. వెనక చక్రం పక్కన ఉండే చీర గార్డును యాక్సెసరీ కింద రాసి డబ్బు తీసుకోవడం ఎన్నో చోట్ల మామూలైపోయింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చూడండి. వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాళ్లు పెట్టుకునే ఆధారం, వెనక చక్రంలో సగానికి తగ్గకుండా కప్పే రక్షణ ప్రతి ద్విచక్ర వాహనానికీ ఉండి తీరాలని అది చెబుతోంది. అవి లేని బండి చట్టప్రకారం పూర్తయిన బండే కాదు. హెల్మెట్ సంగతీ అంతే. 138వ నిబంధన ప్రకారం ద్విచక్ర వాహనం కొనేటప్పుడు బీఐఎస్ ప్రమాణాలున్న హెల్మెట్‌ను తయారీదారే సమకూర్చాలి. నంబరు ప్లేటు కూడా 2019 ఏప్రిల్ 1 తర్వాత తయారైన వాహనాలకు తయారీదారే బండితోపాటు డీలరుకు పంపాలి, డీలరు దాని మీద నంబరు వేసి బిగించాలి. తల్లిని వెనక కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్లే కుర్రాడికి ఇవేవీ అలంకారాలు కావు, ప్రాణరక్షణ. చట్టం బండిలో భాగమని చెప్పినదాన్ని విడిగా అమ్మడం ధర పెంచడమే. ఈ మూడు పద్దులూ చూపించి ‘వీటికి డబ్బెందుకు?’ అని అడగడానికి బేరమాడే నేర్పు అక్కరలేదు. నిబంధన నంబరు తెలిస్తే చాలు. కానీ ఆ పద్దులు కాగితం మీద కనిపించాలి కదా!

బీమా ఇంకో పెద్ద పద్దు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు మూడేళ్లు, కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్లు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవడం తప్పనిసరి అయింది. ఆ థర్డ్ పార్టీ ప్రీమియం రేటు ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం 75 నుంచి 150 సీసీ మధ్య బండికి ఐదేళ్లకు 3,851 రూపాయలు, పైన జీఎస్టీ. మన ఊళ్లలో తిరిగే బళ్లలో ఎక్కువ భాగం ఈ తరగతివే. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ఇది మారదు. మారేదల్లా సొంత బండి నష్టానికి తీసుకునే బీమా, దానికి తగిలించే యాడ్ ఆన్‌లు. అక్కడ కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది, డీలరుకు కమీషనూ ఉంటుంది. ‘మా దగ్గర ఇన్సూరెన్సు తీసుకుంటేనే బండి డెలివరీ’ అనే అధికారం మాత్రం ఎవరికీ లేదు. షోరూముల ద్వారా బీమా అమ్మకానికి 2017లో నియమాలు పెట్టిన బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ, ఒకే చోట కొనమని కొనుగోలుదారుని బలవంతపెట్టకూడదని వాటిలోనే రాసింది. బయట ఏజెంటు దగ్గర అదే రక్షణకు ఒక కొటేషన్ రాయించుకుని చూపిస్తే చాలా చోట్ల షోరూము ధర అక్కడికక్కడే దిగుతుంది.

అసలు ధర దిగే సందు ఉందా, డీలరుకు మిగిలేదే కొంచెం కదా అని అనుమానించేవారికి ఒక అధికారిక ఆధారం ఉంది. 2021 ఆగస్టు 23న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా మారుతీ సుజుకీ కంపెనీకి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తన డీలర్లు తాను అనుమతించిన దానికంటే ఎక్కువ డిస్కౌంటు ఇవ్వకుండా ఆ కంపెనీ కట్టడి చేసిందన్నది కమిషన్ తేల్చిన విషయం. ఆ ఉత్తర్వులో రాసిన తీరు చదివితే ఆశ్చర్యం వేస్తుంది. కొనేవాళ్లలా నటించే మనుషులను ఏజెన్సీల ద్వారా షోరూములకు పంపి, ఎవరు ఎక్కువ తగ్గిస్తున్నారో పట్టుకునేవారు. తగ్గించిన డీలరుకు జరిమానా. బండి అమ్మిన సేల్స్ కుర్రాడి నుంచి మేనేజరు దాకా విడివిడిగా జరిమానాలు. కంపెనీ అప్పీలుకు వెళ్లడంతో ఆ ఆదేశం అమలు ఆగింది. అంతకుముందు 2017లో ఇలాంటి ఆరోపణ మీదే హ్యుందాయ్‌కి వేసిన 87 కోట్ల జరిమానాను అప్పీలు ట్రిబ్యునల్ కొట్టేసింది. కాబట్టి చట్టపరంగా చివరి మాట ఇదేనని చెప్పడం లేదు. కానీ ఇంతటి నిఘా పెట్టి ఆపవలసి వచ్చిందంటే, డీలర్లు తగ్గించగలిగారనీ, తగ్గించాలనుకున్నారనీ అర్థం. ‘మా చేతుల్లో ఏం లేదన్నా, అంతా కంపెనీ రేటే’ అనే మాట విన్నప్పుడు ఆ ఉత్తర్వు గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది. ఈ మెట్ట ప్రాంతం రైతుకు బేరం ఒకరు నేర్పాలా అని. ఎద్దుల సంతలో దళారితో తువ్వాలు కింద వేళ్లు పట్టి ధర తేల్చుకున్న వంశాలు కదా ఇవి! నిజమే. కానీ సంతలో కొనేవాడికీ అమ్మేవాడికీ ఎద్దు గురించి తెలిసింది దాదాపు ఒక్కటే. పళ్లు చూసి వయసు చెబుతాడు, నడిపించి కాలు చూస్తాడు, మూపురం తడిమి పనితనం అంచనా వేస్తాడు. ధర తేల్చడానికి కావలసిన సమాచారమంతా కళ్ల ముందు నిలబడి ఉంటుంది. షోరూములో ఆ సమానత్వం లేదు. కంపెనీ డీలరుకు ఎంతకు ఇచ్చింది, ఈ నెల ఏ మోడలు మీద ఏ స్కీము ఉంది, ఫైనాన్సు కంపెనీ నుంచి ఎంత కమీషను వస్తుంది, ఆ బండి ఏ నెలలో తయారై ఎన్నాళ్ల నుంచి గోడౌనులో ఉంది, ఇవన్నీ బల్లకు అవతల ఉన్న మనిషికే తెలుసు. ప్యాకెట్టు కట్టి అమ్మే వస్తువుల మీద గరిష్ఠ ధర ముద్రించాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. లక్ష రూపాయల మోటారుసైకిలు మీద, ఎనిమిది లక్షల ట్రాక్టరు మీద అలాంటి ముద్ర ఏదీ ఉండదు.

ఒకవైపే సమాచారం ఉన్నచోట బేరం ఎవరిని కొడుతుందో అమెరికాలో కొలిచి చూశారు. ఇయాన్ ఏయర్స్, పీటర్ సీగల్‌మన్ అనే పరిశోధకులు షికాగో ప్రాంతంలో 300కు పైగా కారు బేరాలు నడిపించి, 1995లో ఫలితాలు ప్రచురించారు. అందరికీ ఒకే మాటలు నేర్పి, ఒకే రకం బట్టలు, ఒకే రకం పరిచయంతో షోరూములకు పంపారు. అయినా తెల్లజాతి మగవాళ్లకు చెప్పిన ధర కంటే నల్లజాతివారికీ ఆడవాళ్లకూ ఎక్కువ ధర చెప్పారు. అందరూ ఒకేలా బేరమాడారు, మనిషిని చూసి ధర మారింది. మన దగ్గర జాతి మాట వేరు. కానీ పల్లె నుంచి వచ్చిన పెద్దాయన, ఒంటరిగా స్కూటీ కొనడానికి వచ్చిన అంగన్‌వాడీ టీచరు, చదువు రాని కూలి మనిషి, పట్నంలో ఉద్యోగం చేసే కుర్రాడు నలుగురూ ఒకే బండికి ఒకే ధర కడుతున్నారని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలరా? అందుకే అందరూ బేరం నేర్చుకోండన్న సలహా నాకు సరిపోదు. నేర్చుకోగలిగినవాడు బయటపడతాడు, అతనికి తగ్గించింది నేర్చుకోలేని వాడి బిల్లులో కలుస్తుంది. అమెరికాలో ఓక్లహామా సెనేటరు మన్రోనీ చొరవతో 1958లోనే ఒక చట్టం వచ్చింది. ప్రతి కొత్త కారు అద్దానికీ కంపెనీ సూచించిన ధర, ఒక్కో అదనపు వస్తువు ధర, రవాణా ఖర్చు విడివిడిగా రాసిన కాగితం అంటించాలి. ఆ చట్టం బేరాన్ని రద్దు చేయలేదు. మొదటి అంకె అందరికీ ఒకటే అయ్యేలా చేసింది. పైన చెప్పిన పరిశోధన ఆ కాగితం ఉన్న దేశంలోనే జరిగిందన్న మాట నిజమే. కాగితం ఉండి కూడా అంత తేడా ఉంటే, అదీ లేనిచోట ఎంత ఉంటుందో ఆలోచించాలి.

అన్నింటికంటే పెద్ద నష్టం రెండో ప్రశ్నలో ఉంది. ‘నెలకెంత?’ అని అడిగిన మరుక్షణం బండి ధర మాట పక్కకు పోతుంది. లెక్క చూద్దాం. 80,000 అప్పు, మూడేళ్లు, వడ్డీ ‘పది శాతం ఫ్లాట్’ అన్నారు. ఏడాదికి 8,000 చొప్పున మూడేళ్లకు 24,000 వడ్డీ. మొత్తం 1,04,000ను 36 కిస్తీలు చేస్తే నెలకు సుమారు 2,890. వినడానికి బాగానే ఉంది. కానీ మొదటి కిస్తీ నుంచే అసలు తగ్గుతూ వస్తుంటే, వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి 80,000 మీదే పడుతోంది. తగ్గే అసలు మీద లెక్కగడితే ఈ వడ్డీ ఏడాదికి దాదాపు 18 శాతం. షోరూములో 2,000 తగ్గించమని గంటసేపు వాదించిన మనిషి, ఆ పక్క బల్ల దగ్గర కూర్చుని అంతకు ఎన్నో రెట్లు పోగొట్టుకుంటాడు. దీనికి ఇప్పుడు గట్టి ఆయుధమే ఉంది. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశం ప్రకారం అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ప్రతి రిటైల్ అప్పుకూ కీలక వివరాల పత్రం ఇవ్వాలి. అన్ని చార్జీలూ కలిపిన వార్షిక వడ్డీ రేటు అందులో ఉండాలి. అది అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో రాయని చార్జీని అతని స్పష్టమైన సమ్మతి లేకుండా తర్వాత వేయకూడదు. ఈ పత్రాన్నే కేఎఫ్‌ఎస్ అంటారు. ‘కేఎఫ్‌ఎస్ తెలుగులో ఇవ్వండి’ అని అడిగితే చాలు. గిద్దలూరులో ఉన్న ఫైనాన్సు శాఖకైనా ముంబయిలో ఉన్న ప్రధాన కార్యాలయానికైనా ఆదేశం ఒకటే.

అప్పు విషయంలో రిజర్వు బ్యాంకు చేయగలిగిన పనిని బండి ధర విషయంలో రవాణా శాఖ ఎందుకు చేయకూడదు? జీఎస్టీ తగ్గింపు తర్వాత ఈ ప్రశ్నకు బలం పెరిగింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు ద్విచక్ర వాహనాలకు, చిన్న కార్లకు పన్ను 28 శాతం నుంచి 18కి, ట్రాక్టర్లకు 12 నుంచి 5కి తగ్గింది. చిన్న కార్ల మీద ఉన్న సెస్సూ పోయింది. అంటే పాత ఎక్స్‌షోరూం ధర లక్ష ఉన్న బండి మీద సుమారు 7,800 తగ్గాలి. 45 హెచ్‌పీ ట్రాక్టరు మీద 45,000 తగ్గుతుందని కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ అప్పుడే చెప్పారు. మన రాష్ట్రంలో ‘సూపర్ జీఎస్టీ - సూపర్ సేవింగ్స్’ పేరుతో పెద్ద ప్రచారమే జరిగింది, కర్నూలు సభకు ప్రధాని వచ్చారు. ఎక్స్‌షోరూం ధరలో ఆ తగ్గింపు కనిపిస్తుంది. దాని కింద ఉన్న పద్దులు పెరిగి తగ్గింపును మింగేస్తే కనిపెట్టేది ఎవరు? పన్ను తగ్గించినా ధర తగ్గించని వ్యాపారుల మీద ఫిర్యాదు చేయడానికి జీఎస్టీ చట్టంలో ఉన్న ప్రత్యేక ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఫిర్యాదులు తీసుకోవడం లేదు. ఖజానా వదులుకున్న డబ్బు ఎవరి జేబులోకి పోయిందో తెలియాలంటే పద్దులు విడివిడిగా రాసిన కాగితం తప్ప ఇంకో ఆధారం లేదు.

డీలర్ల వైపు మాటా వినాలి. అద్దె, జీతాలు, గోడౌనులో నిలిచిన బళ్ల మీద బ్యాంకు వడ్డీ, కంపెనీ నెత్తిన పెట్టే టార్గెట్లు, వీటి మధ్య వాళ్లకు మిగిలేది తక్కువన్నది అబద్ధం కాదు. చిన్న ఊళ్లో నడిచే సబ్ డీలరుకు ఇంకా తక్కువ. బండిని దించి, కడిగి, పరీక్షించి ఇవ్వడానికి ఖర్చవుతుంది కాబట్టే హ్యాండ్లింగ్ చార్జీ అని వాళ్లంటారు. కానీ ఎక్స్‌షోరూం అంటేనే షోరూము గుమ్మంలో బండి ధర. అక్కడిదాకా తీసుకురావడం, అమ్మకానికి సిద్ధం చేయడం ఆ ధరలో ఉన్నవే. ఆ లాభం చాలకపోతే అడగవలసింది కంపెనీని. డీలర్ల సంఘాలు ఆ పోరాటం చేస్తే కొనేవాళ్ల సానుభూతీ ఉంటుంది. పైగా నిజాయితీగా అమ్మే డీలరుకు ఈ కాగితం మేలే చేస్తుంది. ఎక్స్‌షోరూంలో మూడు వేలు తగ్గించి కింద ఐదు వేలు కలిపే పక్క షోరూముతో ఇవాళ అతను పోటీ పడలేకపోతున్నాడు.

ఇంకో అడ్డంకి మన దగ్గరే ఉంది. మండల కేంద్రాల్లో బండి అమ్మేవాడు చాలాసార్లు తెలిసినవాడే, వరసకు బావో అన్నో అవుతాడు. ‘మనవాడి దగ్గర కాగితం అడుగుతావా’ అన్న మొహమాటం కొనేవాడి నోరు కట్టేస్తుంది. రూలు ఉంటే ఆ మొహమాటం పోతుంది. అడగకుండానే ఇవ్వవలసిన కాగితాన్ని ఎవరూ అవమానంగా తీసుకోరు.

కాబట్టి రవాణా శాఖను కోరేది చిన్న పనే. ప్రతి షోరూములో, సబ్ డీలరు దుకాణంలో కూడా, ప్రతి మోడలుకూ ఎక్స్‌షోరూం ధర, లైఫ్ ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు, బీమా తెలుగులో రాసిన బోర్డు పెట్టించాలి, అవే పద్దులున్న కాగితం అడ్వాన్సుకు ముందే ఇప్పించాలి. ఐచ్ఛికమైన పద్దుల పక్కన ‘తప్పనిసరి కాదు’ అని రాయించాలి. తయారైన నెల, సంవత్సరం అదే కాగితంలో ఉండాలి, ఎందుకంటే డిసెంబరులో తయారైన బండిని జనవరిలో కొంటే తర్వాత అమ్మేటప్పుడు ఒక ఏడాది పాతదిగా లెక్కపడుతుంది. రిజిస్ట్రేషన్ ఫైలుకు ఆ కాగితం నకలు జతచేయాలన్న షరతు పెడితే అమలు దానంతట అదే జరుగుతుంది.

ఆ రూలు వచ్చేదాకా చేయగలిగింది మన చేతుల్లో ఉంది. ముహూర్తం చూసుకునే కుటుంబాలను ఆషాఢంలో కొనమని చెప్పను. కానీ షోరూములు ఖాళీగా ఉండే ఆ నెలలోనే ధర మాట్లాడి రాయించుకుని, శ్రావణంలో డెలివరీ తీసుకోవడానికి అడ్డేమీ లేదు. కనిగిరిలో ఒకటి, మార్కాపురంలో ఒకటి, ఒంగోలులో ఒకటి రాతపూర్వక కొటేషన్లు తీసుకోండి. పద్దు పద్దుకూ పోల్చండి. నెల కిస్తీ మాట చివరన ఎత్తండి. రసీదు లేని రూపాయి ఇవ్వకండి, ఎందుకంటే బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపారమే. షోరూము ఎక్కడున్నా మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, చెల్లించిన ధర ఐదు లక్షల లోపయితే ఫీజు కూడా లేదు. అంతదాకా పోకముందే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేయండి. నంబరు 1915. తెలుగులోనే మాట్లాడవచ్చు.